పార్కిన్సన్స్ ఉన్నవారి మెడను ఎవరి చేతిలో పెట్టాలి? కైరోప్రాక్టిక్, ఫిజియోథెరపీ, యోగా, నూనె మర్దన: ఏది ఎవరికి

మా నాన్నగారికి పార్కిన్సన్స్ (ఒళ్లు వణికించి, కండరాలు బిగుసుకుపోయేలా చేసే మెదడు జబ్బు) అని తేలి ఆరేళ్లయింది. మాది విజయనగరం. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. వణుకు కూడా మొదట సుద్దముక్క పట్టిన కుడిచేతికే వచ్చింది. వణుకుతో ఆయన సర్దుకుపోయారు గానీ మెడతో సర్దుకోలేకపోయారు. రెండేళ్ల కిందట తల ముందుకు వాలడం మొదలైంది. కంచం ముందు కూర్చుంటే గడ్డం ఛాతీకి ఆనేది. మెడ వెనక నుంచి భుజాల దాకా కావిడి మోసినట్టు నొప్పి.

సరిగ్గా ఆ రోజుల్లోనే నరసన్నపేట నుంచి మా బావగారు ఒక వీడియో పంపారు. తెల్లకోటు వేసుకున్న ఒకాయన ఓ పెద్దాయన మెడను రెండు చేతులతో పట్టుకుని కటుక్కుమని తిప్పుతాడు, ఆ వెంటనే పెద్దాయన చెయ్యి వణకడం ఆగిపోతుంది. "దీన్ని కైరోప్రాక్టిక్ అంటారు, విశాఖలో కూడా చేసేవాళ్లున్నారు, మావయ్యగారిని ఒకసారి తీసుకెళ్దాం" అన్నారు బావగారు. తీసుకెళ్లాం. మొదటి సిట్టింగులో మెత్తగా నొక్కారు. నాన్నగారు ఆ రాత్రి హాయిగా నిద్రపోయారు, మర్నాడు నడక కూడా తేలికగా ఉందన్నారు. ఇరవై నాలుగు సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు కట్టేశాం. రెండో సిట్టింగులో మెడ తిప్పారు. తిరిగొస్తుంటే ఆనందపురం దాటకముందే కారాపమన్నారు, కళ్లు తిరిగి వాంతి అయింది. రెండు రోజులు మంచం దిగలేదు. తర్వాత న్యూరాలజిస్టు మెడకు ఎంఆర్ఐ తీయిస్తే, పూసలు అరిగి వెన్నుపాము వెళ్లే దారి ఇరుకైందని తేలింది. "ఈ మెడను ఎవ్వరూ తిప్పకూడదమ్మా" అన్నారాయన. ఆ ఎంఆర్ఐ మెడ తిప్పించడానికి ముందు తీయించాల్సింది. ఆ తప్పు నాదే.

అప్పటినుంచి మాలాంటి ఇళ్లవాళ్లు ఎవరడిగినా ఇదే విషయం చెబుతున్నాను. ఈసారి వివరంగా రాస్తున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను. మెడను ఒక్కసారిగా విరిచే పద్ధతి పార్కిన్సన్స్ ఉన్న పెద్దవాళ్లకు వద్దు. మిగతావాటికి వేటి చోటు వాటికి ఉంది, కానీ డబ్బూ ఓపికా ముందు ఖర్చు పెట్టాల్సింది ఫిజియోథెరపీ మీద.

ముందు నొప్పి ఎక్కడిదో తేలాలి

ఏ చికిత్స మంచిది అని అడిగే ముందు, ఈ నొప్పి దేనివల్ల అని అడగాలి. మన దగ్గర మెడ నొప్పి అనగానే "పూసలు అరిగాయి" అనేస్తారు. అరవై దాటిన వాళ్లలో చాలామందికి ఎక్స్‌రే తీస్తే అరుగుదల కనిపిస్తుంది, నొప్పి లేనివాళ్లకు కూడా. పార్కిన్సన్స్ ఉన్నవారి మెడ నొప్పికి వేరే కారణాలు కనీసం నాలుగుంటాయి, ఒక్కొక్కదానికి ఒక్కో దారి.

మొదటిది మందు దిగిపోవడం. పార్కిన్సన్స్‌కు ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపా. ఆ మాత్ర కొన్ని గంటలు పనిచేసి తగ్గిపోతుంది. తగ్గే వేళకు కండరాలు బిగుసుకుంటాయి, మెడ, భుజాలు ముందు పట్టేస్తాయి. ఇది మాకు తెలిసిన తీరు చెబుతాను. న్యూరాలజిస్టు రెండు వారాల పాటు గంటగంటకూ మెడ ఎలా ఉందో రాసి పెట్టమన్నారు. నాన్నగారు లెక్కల మాస్టారు కదా, స్కేలు పెట్టి ఆయనే గళ్లు గీసుకున్నారు. నొప్పికి సున్నా నుంచి పది మార్కులు. వారం తర్వాత ఆ కాగితం చూస్తే నాకు మార్కుల కంటే ముందు అక్షరాలు కనిపించాయి. ఉదయం తొమ్మిదికి రాసిన 'పరవాలేదు' గడి నిండా ఉంది. పన్నెండున్నరకు రాసిన 'పరవాలేదు' మొదటి అక్షరం మామూలుగా ఉండి, చివరి అక్షరానికి వచ్చేసరికి చీమంత అయిపోయింది. సాయంత్రం ఆరుకి మళ్లీ అంతే. పార్కిన్సన్స్‌లో చేతిరాత చిన్నదైపోవడం ఒక లక్షణం. మెడ మార్కులు ఎక్కువ పడ్డదీ సరిగ్గా ఆ గళ్లలోనే. మాత్రల వేళలు ఏడు, ఒకటి, ఏడు. అంటే ప్రతి మాత్రకూ ముందు గంట మెడ పట్టేస్తోంది.

పైగా మధ్యాహ్నం మాత్ర ఆయన పప్పన్నంతో పాటే వేసుకునేవారు. పప్పు, గుడ్డు, చేప, పెరుగు లాంటి వాటిలోని ప్రొటీను లెవోడోపా పేగుల్లోంచి లోపలికి వెళ్లకుండా, మెదడుకు చేరకుండా పోటీ పడుతుంది. అన్నానికి అరగంట ముందు గానీ, తిన్న గంట తర్వాత గానీ వేసుకోమని సాధారణంగా చెబుతారు. ఐరన్ మాత్రలు కూడా దీంతో కలిపి వేసుకోకూడదు. డాక్టరు గారు వేళలు మార్చారు, నెలలోపే మెడ మార్కులు సగానికి పడ్డాయి. ఎవరూ మెడ మీద చెయ్యి వెయ్యకుండానే! వేళలు, మోతాదు మీ అంతట మీరు మార్చకండి. ముఖ్యంగా లెవోడోపా ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు కొయ్యలా బిగుసుకుపోయి, జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

రెండోది బీపీ. పార్కిన్సన్స్‌లో చాలామందికి లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. అప్పుడు మెడ వెనకా రెండు భుజాల మీదా, చొక్కా తగిలించే హ్యాంగర్ ఆకారంలో నొప్పి వస్తుంది. పడుకుంటే తగ్గుతుంది. ఇంట్లో బీపీ మిషను ఉంటే ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్లీ చూడండి. పై అంకె ఇరవై గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే డాక్టరుకు చెప్పాలి. ఈ నొప్పికి ఎంత మర్దన చేసినా లాభం ఉండదు.

మూడోది తల ముందుకు వాలడం. మెడ వెనక కండరాలు పొద్దస్తమానం తల బరువును లాగిపట్టుకుని అలిసిపోతాయి. మాలాంటి ఇళ్లలో దీన్ని పెంచేవి రెండు, ఎత్తు దిండ్లు, కిందకు పెట్టిన టీవీ. కొందరికి కొన్ని పార్కిన్సన్స్ మందుల వల్ల కూడా తల వాలుతుంది. కొద్ది వారాల్లోనే వాలిపోతే మాత్రం ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకు చూపించండి.

నాలుగోది నిజంగా వెన్నుపాము నొక్కుకుపోవడం. చేతులు తిమ్మిర్లెక్కడం, మెడ వంచితే వీపులోంచి కరెంటు పాకినట్టు ఉండడం, నడక ఉన్నట్టుండి పాడవడం, మూత్రం పట్టు తప్పడం దీని గుర్తులు. దీన్ని "పార్కిన్సన్సే ముదిరింది" అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది.

ఇంకోమాట. మెడ నొప్పీ కళ్లు తిరగడమూ కలిసి వస్తే వీధి చివర మందుల షాపులో సిన్నరిజైన్, ప్రోక్లోర్‌పెరజైన్ లాంటి మాత్రలు చేతిలో పెడతారు. స్టుజెరాన్, స్టెమెటిల్ అంటే అందరికీ తెలుసు. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇస్తారు. ఈ మూడూ మెదడులో కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనం పనికి అడ్డుపడతాయి, పార్కిన్సన్స్‌ను ఎక్కువ చేస్తాయి. ఎక్కడికి వెళ్లినా "పార్కిన్సన్స్ ఉంది" అని ముందు చెప్పండి. మేం నాన్నగారి మందుల డబ్బా మూత లోపల ఈ మూడు పేర్లూ రాసి అంటించాం.

కైరోప్రాక్టిక్: మాట ఎక్కడిది, బలం ఎంత

కైరోప్రాక్టిక్ 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ మొదలుపెట్టిన పద్ధతి. వెన్నుపూసలు వాటి చోటు నుంచి కదిలితే నరాల పని చెడుతుంది, చేత్తో సరిచేస్తే ఒళ్లు తనంతట తాను బాగుపడుతుంది అన్నది దాని మూల భావన. అందులో ఒక శాఖ తల కింద మొదటి రెండు పూసల మీదే దృష్టి పెడుతుంది. మొదటి పూస పేరు అట్లాస్. అది ఒరిగితే మెదడు కాండం (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం) మీద ఒత్తిడి పడుతుందనీ, సరిచేస్తే పార్కిన్సన్స్ లక్షణాలు తగ్గుతాయనీ వాళ్లు చెబుతారు.

ఈ జబ్బుకూ మెడకూ ముడిపెట్టడం అంతకంటే పాతది. 1817లో ఈ జబ్బును మొదట వివరంగా రాసిన జేమ్స్ పార్కిన్సన్ గారే, చోటు మెడలోని వెన్నుపాము పైభాగమై ఉండొచ్చని ఊహించారు. మెడ దగ్గర రక్తం తీయమనీ, చర్మం మీద బొబ్బలు లేపమనీ సలహా ఇచ్చారు. ఆ కాలానికి అది తెలివైన ఊహే. కానీ 1919లో మధ్యమెదడులో నల్లగా కనిపించే ఒక చిన్న భాగంలో కణాలు పోతున్నాయని ట్రెటియాకాఫ్ చూపించారు. 1960 నాటికి ఆ మెదళ్లలో డోపమైన్ లేమి బయటపడింది. 1967లో కోట్జియాస్ పెద్ద మోతాదులో లెవోడోపా ఇచ్చి కదలలేనివాళ్లను నడిపించారు. కణాలు పోతున్న చోటు పుర్రె లోపల ఉంది. మెడపూసను ఎటు జరిపినా పోయిన కణాలు తిరిగి రావు.

మరి ఆధారాలు? పార్కిన్సన్స్‌కు మెడ కైరోప్రాక్టిక్ చేసి మేలు చూశామని వచ్చినవి ఎక్కువగా కొద్దిమంది రోగుల గురించిన నివేదికలే. పక్కన పోల్చడానికి మరో గుంపు లేదు. ఒక్కరికి బాగుందంటే మందు వల్లా, ఆ రోజు బాగుండడం వల్లా, చికిత్స వల్లా అన్నది తెలియదు.

మొదటి రోజు నాన్నగారికి తేలికగా ఉండడం అబద్ధమా అంటే, కానే కాదు. 2001లో కెనడా పరిశోధకులు పార్కిన్సన్స్ ఉన్నవారికి ఉత్త ఉప్పునీటి ఇంజక్షన్ ఇచ్చి మెదడు స్కాన్ తీస్తే, మందు పడుతోందన్న ఆశకే మెదడులో డోపమైన్ విడుదలైంది. అంటే ఈ జబ్బులో నమ్మకం నిజంగానే చేతిని కాసేపు నిలబెట్టగలదు. వీడియోలో ఆ పెద్దాయన చెయ్యి ఆగడం నటన కాకపోవచ్చు. మరుసటి వారం ఎలా ఉందన్నది వీడియోలో ఉండదు. దానికి తోడు నెమ్మదిగా నొక్కితే బిగుసుకున్న కండరం వదులవుతుంది. అది మర్దన లాభం, పూస సర్దిన లాభం అనుకోనక్కర్లేదు.

ప్రమాదం సంగతి. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే రెండు నాళాలు మెడపూసల రంధ్రాల్లోంచే పైకి పోతాయి, అట్లాస్ దగ్గర మెలిక తిరుగుతాయి. ఒక్కసారిగా తిప్పితే నాళం లోపొర చిరగవచ్చు, అక్కడ గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు. ఇది అరుదు. అయినా 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మెడ తిప్పడానికీ నాళం చిరగడానికీ ఉన్న సంబంధం గురించి హెచ్చరించి, మెడ తిప్పే ముందు రోగికి ఆ ముప్పు చెప్పాలంది. పార్కిన్సన్స్ ఉన్న పెద్దవాళ్లకు ఎముకలు గుల్లబారి ఉండడం, వెన్నుపాము దారి ఇరుకవడం, రక్తం పలచబడే మందులు వాడడం ఎక్కువ. లాభం రుజువు కానిచోట చిన్న ముప్పు కూడా పెద్దదే. అందుకే నేను వద్దంటున్నాను.

తిప్పకుండా చిన్న యంత్రంతో తడుతూ, లేదా వేళ్లతో మెత్తగా నొక్కుతూ చేసే కైరోప్రాక్టిక్ పద్ధతులూ ఉన్నాయి. వాటిలో ముప్పు తక్కువ. పార్కిన్సన్స్ తగ్గుతుందన్న మాటకు మాత్రం అక్కడా బలం లేదు. నొప్పికి ఉపశమనంగా చేయించుకుంటామంటే నేను అడ్డు చెప్పను. అయితే విజయనగరం నుంచి విశాఖకు అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వంద పైనే. తల నిలవని మనిషి కారు కుదుపుల్లో అంత దూరం వెళ్లొస్తే, తగ్గిన నొప్పి దారిలోనే తిరిగొస్తుంది.

ఫిజియోథెరపీ: లాభం ఉంది, మోతాదు ఉంటేనే

ఫిజియోథెరపీని పొగిడేవాళ్లు సాధారణంగా ఒక విషయం చెప్పరు. 2016లో బ్రిటన్‌లో 762 మంది పార్కిన్సన్స్ రోగుల మీద చేసిన అధ్యయనంలో ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే శిక్షణ) ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కారణం చూస్తే, సగటున ఒక్కొక్కరికి నాలుగే నాలుగు సిట్టింగులు దొరికాయి. మన ఊళ్లో జరిగేదీ అదే. పది రోజులు కరెంటు పెట్టించుకుని, "ఫిజియో కూడా చేయించాం, లాభం లేదు" అంటాం. కరెంటు, మైనపు కాపడం నొప్పికి తాత్కాలికం. పార్కిన్సన్స్‌కు పనికొచ్చేది చెమట పట్టే వ్యాయామం. 2018లో అమెరికాలో 128 మందితో ట్రెడ్‌మిల్ మీద చేసిన అధ్యయనంలో, గుండె వేగం బాగా పెరిగేలా నడిచినవాళ్ల లక్షణాలు ఆర్నెల్లలో దాదాపు ముదరలేదు, మామూలు అలవాట్లతోనే ఉన్నవాళ్లకు ముదిరాయి. వారానికి 150 నిమిషాలు లక్ష్యంగా పెట్టుకోమని చెబుతారు. గుండె జబ్బు ఉంటే ముందు డాక్టరును అడగాలి.

మెడకు మాకు నేర్పినవి చాలా మామూలువి. గోడకు వీపు ఆనించి నిలబడి, తల వెనక భాగం గోడకు తాకించే ప్రయత్నం. మొదటి రోజు నాన్నగారి తలకూ గోడకూ మధ్య నా పిడికిలి పట్టింది. గడ్డం పైకెత్తకుండా వెనక్కి లాగి ఐదు అంకెలు లెక్కపెట్టడం. భుజాలు వెనక్కి కలపడం. రెండు దిండ్లలో ఒకటి తీసేయడం, టీవీని కంటి ఎత్తుకు ఎత్తడం. మాత్ర పనిచేస్తున్న గంటల్లోనే చేయించాలి. మందు దిగిన వేళ చేయిస్తే మనిషికి బాధే మిగులుతుంది. నాలుగు నెలలకు ఆ సందులో నా రెండు వేళ్లే పడుతున్నాయి.

మరో సంగతి ఫిజియో అబ్బాయి నేర్పింది. నాన్నగారి కాళ్లు గుమ్మం దగ్గర నేలకు అతుక్కుపోయేవి. అక్కడ అందరూ మెడ వంచి కాళ్లు చూసుకుంటారట, మెడ ఇంకా వాలుతుంది. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా అడుగు దూరానికొకటి చొప్పున అడ్డంగా తెల్ల టేపు అంటించాడు. "మాస్టారూ, రెండు గీతల అవతల చూడండి, ఒక్కొక్క గీతా దాటండి" అన్నాడు. నాన్నగారు గుమ్మం ముందు ఆగి, "ఒకటి, రెండు" అని పైకి లెక్కపెట్టి దాటేశారు. దెబ్బతిన్న మెదడు భాగం ఇవ్వలేని తాళాన్ని కన్నూ చెవీ బయటి నుంచి ఇస్తాయి, కిటుకంతా అదే. అమ్మ ఆ టేపు చూసి "ఇల్లంతా ముగ్గులేశాడు" అంది.

ఎవరిని ఎంచుకోవాలి? ఫిజియోథెరపీలో డిగ్రీ (బీపీటీ) గానీ పీజీ (ఎంపీటీ) గానీ చదివి ఉండాలి. "న్యూరో కేసులు చేశారా, పార్కిన్సన్స్ ఎంతమందికి చేశారు?" అని అడగండి. మొదటి రోజు నడిపించి, తిప్పించి, కుర్చీలోంచి లేపించి చూశాకే పని మొదలుపెట్టేవారు మంచివారు. రాగానే యంత్రం తగిలించేవారి దగ్గర ఆగకండి. విజయనగరం, శ్రీకాకుళం రెండు చోట్లా ఇంటికొచ్చి చేసేవారు దొరుకుతారు. వారానికి రెండు రోజులు వాళ్లు, మిగతా రోజులు ఇంటివాళ్లు అనుకుంటే ఖర్చు తగ్గుతుంది. ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగం ఉంటుంది, అక్కడ ఒకసారి నేర్చుకుని ఇంట్లో చేసుకున్నా మేలే.

యోగా, తైచి

తైచి అంటే నెమ్మదైన కదలికలతో చేసే చైనా వ్యాయామం. రెండింటికీ మంచి ఆధారమే ఉంది. 2012లో 195 మందితో చేసిన అధ్యయనంలో తైచి చేసినవాళ్లకు నిలకడ పెరిగింది, సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్ల కంటే తక్కువ పడ్డారు. 2019లో హాంకాంగ్‌లో 138 మందితో చేసినదాంట్లో యోగా కదలికల విషయంలో మామూలు వ్యాయామాలకు సమానంగా నిలిచింది, టెన్షన్, దిగులు తగ్గించడంలో వాటిని మించింది. మన దగ్గర తైచి నేర్పేవారు దొరకడం కష్టం, యోగా గురువులు ప్రతి పేటలో ఉన్నారు. శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం వద్దు. మెడను గుండ్రంగా గిర్రున తిప్పడం వద్దు. కుర్చీలో కూర్చుని, లేదా గోడ పట్టుకుని చేసేవి చాలు. గురువు గారు "నాలుగు వారాల్లో మందులు మానిపిస్తాను" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

నూనె మర్దన, దూలగొండి పొడి

గోరువెచ్చని నూనెతో మెడకూ భుజాలకూ మెత్తగా రాయడం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. అమ్మ ఆదివారం చేస్తుంది, నాన్నగారికి అదొక పండగ. జబ్బు మీద పనిచేస్తుందని మేం అనుకోం, ఒళ్లు వదులవుతుంది, మనసు కుదుటపడుతుంది. జాగ్రత్త నేల మీదే. జిడ్డు పాదాలతో బాత్‌రూమ్‌లోకి పంపితే తుంటి విరుగుతుంది. కాపడం పెడితే వేడి ముందు మన చేతి మీద చూసుకోవాలి.

దూలగొండి కథ వేరు. కొందరు దురదగొండి అనే ఆ గింజల్లో లెవోడోపాయే ఉంటుంది, కాబట్టి నిజంగా పనిచేస్తుంది. ప్రమాదం కూడా అందులోనే ఉంది. మాత్ర వేసుకుంటూ పక్కన పొడి కూడా చెంచాలతో తింటే మోతాదు పెరిగిపోతుంది. ఒళ్లు మెలికలు తిరగడం, వాంతులు, లేనివి కనిపించడం రావచ్చు. ఏ డబ్బాలో ఎంత ఉందో ఇంట్లో కొలవలేం. వాడాలనుకుంటే న్యూరాలజిస్టుకు చెప్పే వాడండి, దాచి వాడకండి.

సెలూన్, పట్టీ, నొప్పి మాత్ర

క్షవరం అయ్యాక తల మర్దన చేసి చివర్లో మెడ విరవడం మన సెలూన్లలో మామూలు. కైరోప్రాక్టర్ చేసే దాంట్లో ఉన్న ముప్పంతా ఇందులోనూ ఉంది, చదువు మాత్రం ఉండదు. మంగలి అన్నకు ముందే చెప్పేస్తే వింటాడు. మెడ పట్టీ రోజంతా వేస్తే కండరాలు ఇంకా నీరసపడతాయి. మింగడం కష్టంగా ఉన్నవారికి గొంతు దగ్గర అడ్డు, కాలి కింద నేల కనబడదు. కారు ప్రయాణంలో కాసేపు వేయమని డాక్టరు చెబితే సరే.

నొప్పి మాత్రల గురించి శ్రీకాకుళం జిల్లావాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో మనకు తెలుసు. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు రోజూ మింగితే దెబ్బతిన్న కిడ్నీ ఇంకా పాడవుతుంది. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోకుండా మెడ నొప్పికి వాటిని వారాల తరబడి వాడొద్దు.

అయినా కైరోప్రాక్టిక్‌కే వెళ్తామంటే

వెళ్లే ముందు న్యూరాలజిస్టుతో ఒక మాట చెప్పి, మెడ ఎంఆర్ఐ అవసరమా అని అడగండి. అక్కడికెళ్లాక "తిప్పవద్దు, విరవవద్దు" అని రోగి ఎదుటే చెప్పండి, ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. రక్తం పలచబడే మందులు, ఎముకల గుల్లదనం, పాత దెబ్బలు వాళ్లు అడక్కపోయినా చెప్పాలి. ప్యాకేజీ వద్దు, ఒక్కో సిట్టింగుకే కట్టండి. పార్కిన్సన్స్ మందులు తగ్గించమని సలహా ఇచ్చే చోటికి రెండోసారి వెళ్లొద్దు. ఆ నెలలో ఇంకేదీ కొత్తగా మొదలుపెట్టకండి. మాత్ర వేళ, ఫిజియో, మర్దన అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల మేలో తెలియదు. రెండు వారాల ముందు నుంచే మార్కుల కాగితం రాయడం మొదలుపెడితే, తర్వాత వారాలతో పోల్చుకోవచ్చు.

ఎవరు మెడ పట్టుకున్నా సరే, ఆ తర్వాత మెడకు ఒక పక్కే కొత్త రకం నొప్పి, తలపోటు, రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, ఒక కనురెప్ప వాలడం, తూలిపోవడం, వాంతులు కనిపిస్తే ఇంట్లో పడుకోబెట్టకండి. ఆ రోజు మేం చేసిన రెండో తప్పు అదే. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. 108కి ఫోన్ చేసి, స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికి తిన్నగా వెళ్లాలి.

మొన్న మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను జాతరకు వచ్చినప్పుడు బావగారు వాళ్లమ్మగారి గురించి అడిగారు. ఆవిడకూ రెండేళ్లుగా పార్కిన్సన్స్, వయసు డెబ్బై రెండు, గుండెకు స్టెంట్ వేసి రక్తం పలచబడే మందులు వాడుతున్నారు. ఎడమ భుజం, మెడ పట్టేస్తున్నాయట. ఆవిడకు మెడ విరిచే పద్ధతి మాట కూడా ఎత్తొద్దన్నాను. ముందు పడుకుని, నిలబడి బీపీ చూడమన్నాను. చోడి (రాగి) అంబలి తాగే వేళకూ మాత్రకూ మధ్య ఎంత సేపుందో రాయమన్నాను. గుండె డాక్టరు సరేనంటే వారానికి మూడు రోజులు ఇంటికే ఫిజియోను పిలిపించుకోమన్నాను. వాళ్ల వీధిలోనే యోగా చెప్పే టీచరమ్మ ఉన్నారు, కుర్చీ ఆసనాలకైతే ఆవిడా పనికొస్తారు. నాన్నగారు లోపలి నుంచి స్కేలు తెప్పించుకుని, వణికే చేత్తోనే వాళ్లకొక కాగితం గళ్లు గీసిచ్చారు. మొదటి వారం నిండగానే దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమని బావగారికి చెప్పాను.